బ్రేకక్క పట్టిన పగ

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్చుకునే మనిషి కంగారుపడి ఏ గోడకో గురిపెట్టినప్పుడు దాన్ని తొక్కాలి. ఈమె తొక్కితే ఆగేది బండి కాదు, భూమి తిరగడమే ఒక్క క్షణం ఆగుతుందని ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఒట్టేసి చెబుతారు. ఒకసారి ఒక రిటైరైన ప్రిన్సిపాల్ గారి కట్టుడుపళ్ళు ఆ ఊపుకి నోట్లోంచి లేచి, కిటికీలోంచి బయటపడి, పక్కన పోతున్న బస్సులో ఖాళీ సీటు చూసుకుని కూర్చున్నాయి. కండక్టరు పళ్ళకి టిక్కెట్టు కొట్టాడా లేదా అన్న ఒక్కచోటే అభిప్రాయభేదం ఉంది. తక్కినదంతా నిజం. ఆ రోజు నుంచి ఆమె బ్రేకక్క. కట్టుకున్నవాడు కూడా మంచి మూడ్‌లో ఉంటే అలాగే పిలుస్తాడు.

ఆయన సోఫాలు కుట్టే మనిషి. ఇంటి కిందే షెడ్డు. చిన్న చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటీ నాలికతో పెదవుల మీదికి తోసి, అందుకుని, సుత్తితో దిగ్గొట్టే పనివాడు. నోటినిండా మేకులున్నవాడు ఏం మాట్లాడతాడు? అందుకని ఆ ఇంట్లో మాట్లాడే బరువంతా పెళ్ళైన నాటి నుంచీ బ్రేకక్క మోస్తోంది. సాయానికి ఒక ఆడపడుచు ఉంది. పక్క వీధిలోనే కాపురం, ఆస్పత్రిలో నర్సు. సూది గుచ్చితే తెలియదు గానీ, మాట గుచ్చితే వారం రోజులు వాపు తగ్గదు.

పగ పట్టడం బ్రేకక్కకి పుట్టుకతో వచ్చిన విద్య. చిన్నప్పుడు తన రబ్బరు ఎత్తుకెళ్ళిన పిల్లను పెద్దయ్యాక ఆ పిల్ల పెళ్ళిలో పట్టుకుంది. కానుక చేతిలో పెడుతూ, ఫోటోకి నవ్వుతూనే, "నా రబ్బరేదే?" అని అడిగింది. పెళ్ళికూతురు ఆల్బమ్‌లో ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉంది. కానీ అవన్నీ చిల్లర పగలు. అసలుది కంప్యూటర్ దగ్గర మొదలైంది.

డ్రైవింగ్ స్కూలు ఆఫీసులో ఒక ముసలి కంప్యూటరుండేది. కొన్న సాఫ్ట్‌వేర్‌ని అది మొయ్యలేక చతికిలబడితే, బాగుచెయ్యడానికి వచ్చినవాడు ఉచితంగా దొరికే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి పోయాడు. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ఎక్కడెక్కడో ఉన్న వలంటీర్లు జీతం భత్యం లేకుండా రాస్తారు. లోపలి కోడును కూడా దాచరు. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా సవరణ రాసి పంపచ్చు.

అంతా బాగానే ఉంది గానీ, అందులో ఫైళ్ళు చూపించే కిటికీకి ఒక దుర్గుణం ఉంది. నేర్చుకునేవాళ్ళ ఫోటోల్లో పాతది ఒకటి తీసేశారనుకోండి, ఎంపిక గుర్తు అక్కడ ఆగకుండా గెంతుకుంటూ వరసలో మొదటికి పోయి కూర్చుంటుంది. చూసుకోకుండా మళ్ళీ మీట నొక్కితే మొదట్లో ఉన్న అమాయకుడు గల్లంతు. ఆ మొదటివాడు ఒక బేకరీ యజమాని. పాపం ఆయన ఫోటో కోసం స్టూడియోకి ఎన్నిసార్లు తిరిగాడంటే, "సంబంధాలు చూస్తున్నారా సార్? కాస్త నవ్వుతున్నట్టు తీస్తాను" అన్నాడట స్టూడియోవాడు. అప్పటికి బేకరీ ఆయనకి ఇద్దరు మనవలు.

బ్రేకక్క ఆ డెస్క్‌టాప్ వాళ్ళ పేజీలోకి వెళ్ళి ఫిర్యాదు రాసింది. ఆ ఫైళ్ళ కిటికీకి కాపలాదారు ఒకడున్నాడు. ఏ మార్పు లోపలికి రావాలో ఏది రాకూడదో చూసేది అతనే. పేరు పక్కన గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్నాడు. "ఇది ఊరికే ఇస్తున్నాం. నచ్చకపోతే మీరే సరిచేసి పంపండి" అని జవాబిచ్చాడు.

ఇంకొకరైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవారు. కానీ బ్రేకక్కను 'నువ్వే చెయ్యి' అన్నాక ఆగడం ఉంటుందా? చదువుకునే రోజుల్లో నేర్చి మరిచిపోయిన ప్రోగ్రామింగును దుమ్ము దులిపి బయటికి తీసింది. పొద్దుటి పాఠాలకీ సాయంత్రం పాఠాలకీ మధ్య స్కూలు కారును నీడలో ఆపి, స్టీరింగుకి లాప్‌టాప్ ఆనించి, మళ్ళీ చదువుకుంది. చివరికి పట్టుమని పది లైన్లు రాసింది. అలాంటి సవరణని వాళ్ళు ప్యాచ్ అంటారు. భర్త సోఫాకి వేసే అతుకు లాంటిదే. తీసేసిన చోటును గుర్తుపెట్టుకునేదానికి కోడులో ఏదో ఒక పేరు పెట్టాలి కదా, 'క్లచ్' అని పెట్టింది. గేరు మారేటప్పుడు బండి గెంతకుండా పట్టేది అదే మరి.

గుడ్లగూబ జవాబు రాశాడు. "ఇక్కడి పద్ధతి ఇది కాదు. ముందు నేర్చుకుని రండి." అంతటితో ఆమె ప్యాచ్‌ని మూసేశాడు.

కొన్నాళ్ళకి డెస్క్‌టాప్ కొత్త విడుదల వచ్చింది. ఎంపిక గుర్తు గెంతడం మానేసింది. బ్రేకక్కకి అనుమానం వచ్చి లోపలి కోడు తెరిచింది. ఏ లైను ఎవరు రాశారో పక్కనే పేరుతో చూపించే మీట ఒకటి ఉంటుంది వాళ్ళకి. అది నొక్కింది. తన పది లైన్లూ పొల్లు పోకుండా ఉన్నాయి. క్లచ్ క్లచ్‌గానే ఉంది. పక్కన మాత్రం గుడ్లగూబ పేరు.

"ఇవి నా లైన్లు కదండీ?" అని అడిగింది.

"సలహా ఎవరైనా ఇస్తారు. పేరుదేముంది? పని అయింది కదా" అని రాసి, ఎవరూ ఇంకేం మాట్లాడకుండా ఆ పేజీకి తాళం వేసేశాడు. తాళంచెవి కాపలాదారు దగ్గరే ఉంటుంది మరి. కొత్తగా వచ్చినావిడ గోడు ఆ తాళం పగలగొట్టి వినేంత తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆ రోజు ఆమె షెడ్డులోకి వచ్చిన తీరు చూసి భర్త నోట్లో మేకులు చేతిలోకి ఉమ్ముకున్నాడు. అంటే పరిస్థితి ఎంత తీవ్రమో అర్థం చేసుకోండి.

విషయం విని, "ఊరికే ఇచ్చేవాళ్ళకి ఊరికే పనిచేసిపెట్టి, ఊరికే కోపం తెచ్చుకుంటున్నావు" అన్నాడు.

"మీరు కుట్టిన సోఫా మీద పక్కవాడు తన షాపు పేరు కుట్టుకుంటే ఊరుకుంటారా?"

ఆయన ఆలోచించాడు. "వాణ్ణే సోఫాలో పెట్టి కుట్టేస్తాను" అన్నాడు.

"మరి!"

అక్కడే పాత దివాను మీద కాళ్ళు చాపుకుని ఉన్న ఆడపడుచు, "ఏం చేస్తావు వదినా? కారేసుకుని వాడి ఇంటి మీదకెళ్తావా? వాడుండేది ఎక్కడో కూడా తెలీదు" అంది.

"వాడి ఇల్లెందుకు? వాడి ఊరు ఆ కిటికీయే" అంది బ్రేకక్క. "దాంట్లో వాడు సొంతంగా రాసింది ఒక్క లైను కూడా ఉండనివ్వను. అన్నీ ఊడబెరికి, నా దగ్గర కొట్టేసిన పది మాత్రం వాడి పేరుతో వదిలేస్తా. ఖాళీ మైదానంలో దొంగ సొత్తు నెత్తిన పెట్టుకుని నిలబడ్డట్టు కనపడాలి వాడు. అప్పుడు ఇవెక్కడివిరా అని నలుగురూ అడిగితే, ఆవిడవీ అని వాడి నోటితో వాడే చెప్పాలి. నాకు కావలసింది అది."

"అమ్మో! పాములు నీ దగ్గర ట్యూషనుకి రావాలి వదినా" అంది ఆడపడుచు.

చెప్పినంత తేలిక కాదు. అక్కడ ఎవరి లైనునైనా ఊరికే తీసెయ్యడానికి లేదు. ఫలానా చోట ఫలానా తప్పుందని చూపించాలి, మెరుగైనది రాయాలి, ఇంకో ఇద్దరు చదివి 'బాగుంది' అనాలి. అప్పుడే పాత లైను పోయి కొత్త లైను, కొత్త పేరు వస్తాయి. కాబట్టి గుడ్లగూబ పేరు తుడవాలంటే గుడ్లగూబ తప్పు దొరకాలి. గయ్యాళి అత్త కోడలి అన్నంలో రాయి వెదికినట్టు వెదికింది బ్రేకక్క. రాయి దొరికిన రోజు ఆమె మొహం చూస్తే ఇంట్లో ఎవరికో ఉద్యోగం వచ్చిందనుకునేవాళ్ళు.

ఫైలు పేరు పొడుగైతే తోక తెగిపోతోందని పట్టుకుంది. కుడి నుంచి ఎడమకి రాసే భాషల్లో బాణం గుర్తు ఎదురు చూపిస్తోందని పట్టుకుంది. కాపీ అవుతుండగా పెన్‌డ్రైవ్ పీకేస్తే కిటికీ గుడ్లు తేలేస్తోందని పట్టుకుంది. చూపు లేనివాళ్ళకి స్క్రీను చదివిపెట్టే గొంతు, ఫోల్డరు పేరు రెండుసార్లు చదువుతోందని పట్టుకోవడానికి రోజులకి రోజులు కళ్ళు మూసుకుని పనిచేసింది. పట్టుకున్న ప్రతిదాన్నీ బాగుచేసింది. ఒక్కో సవరణకి గుడ్లగూబ పేరు కొంత కొంత చెరిగిపోయేది. తప్పు నిజమైనది, సవరణ మంచిది కావడంతో గుడ్లగూబే ఎన్నోసార్లు 'బాగుంది' కొట్టాల్సి వచ్చింది. తన గోతిని తనే కొలతలేసి ఇచ్చినట్టు.

ఏళ్ళు గడిచాయి. బేకరీ ఆయన లైసెన్సు తెచ్చుకుని, కారు కొని, తన బేకరీ గోడకే గుద్దాడు కూడా. ఆ డెస్క్‌టాప్ రాసేవాళ్ళ సమాజంలో బ్రేకక్కకి పేరొచ్చింది. వలంటీర్లంతా ఏడాదికోసారి తెర మీద కలుసుకునే సభలో, వాడుకునేవాళ్ళ కష్టాలు ఇంత శ్రద్ధగా చూసే డెవలపర్ ఇంకొకరు లేరన్నారు. నిస్వార్థ సేవ అన్నారు. బ్రేకక్కకి పొలమారింది. కెమెరా ఆపుకుని దగ్గింది. వెనకనుంచి ఆడపడుచు నీళ్ళు అందిస్తూ, "తాగు, నిస్వార్థం గొంతుకి అడ్డం పడ్డట్టుంది" అంది.

ఆ డెస్క్‌టాప్‌ను అందరికంటే ముందు మొదలుపెట్టిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. చిన్నాపెద్దా అంతా తాతగారంటారు. ఆమె ప్యాచ్‌లు చదివి చదివి ఆయనకి ఏదో వాసన తగిలింది. ఒకనాడు విడిగా పలకరించాడు.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతాను. నువ్వు తప్పుల్ని వెదుకుతున్నావా, మనిషిని వెదుకుతున్నావా?"

"రెండూ ఒక్కచోటే దొరుకుతున్నాయి తాతగారూ, నన్నేం చెయ్యమంటారు?"

"ఆఁ" అన్నాడాయన. ఆ ఒక్క అక్షరంతో సరిపెట్టి, ప్యాచ్‌కి 'బాగుంది' కొట్టి వెళ్ళిపోయాడు.

చివరికి గుడ్లగూబ సొంత లైన్లు ఒక్కచోట మాత్రం మిగిలాయి. చెత్తబుట్టలో వేసిన ఫైలును మళ్ళీ వెనక్కి తెచ్చే భాగం అది. బ్రేకక్క దాన్ని అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. దొంగను సోదా చేసినట్టు చేసింది. తప్పు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. శుభ్రంగా, పొదుపుగా, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. అది చూసి ఆమెకి ఒళ్ళు మరింత మండింది. ఇంత బాగా రాయగలిగినవాడికి నా పది లైన్లు ఎందుకురా కావలసి వచ్చాయి!

వాళ్ళలో ఎంత పెద్దవాళ్ళైనా చేసే పొరపాటు ఒకటుంది. పనిచేస్తున్నదాన్ని కదిలించడం. బ్రేకక్క ఆ భాగంలో రెండు లైన్లు ఎందుకున్నాయో అర్థంకాక, అనవసరం అని తేల్చింది. అంతా మళ్ళీ పొట్టిగా, చురుగ్గా పరిగెత్తేలా రాశానని పంపింది. ఆమె మీద ఉన్న గురికొద్దీ ఇద్దరు పెద్దగా చదవకుండానే 'బాగుంది' అన్నారు. ముందుగా రుచి చూసేవాళ్ళకిచ్చే పరీక్ష విడుదలలోకి అది వెళ్ళిపోయింది.

పట్టుమని వారం తిరక్కుండా ఒక స్టూడియో యజమాని దగ్గర్నుంచి కేక వచ్చింది. రెండు కెమెరాలతో ఫోటోలు తీస్తాడు. కెమెరాలు రెండూ ఫోటోలకి ఒకే అంకెలు పేర్లుగా పెడతాయి. చెత్తబుట్టలోంచి ఒక ఫోటో వెనక్కి తెచ్చుకుంటే, అదే పేరుతో బయట ఉన్న ఫోటోను అది మింగేసింది. "నా పెళ్ళికూతురు పోయిందండీ! ఆ అమ్మాయి ఉండాల్సిన చోట నిచ్చెనెక్కి బల్బు బిగించే ఎలక్ట్రీషియన్ ఉన్నాడు!" అని రాశాడు. ఆమె అనవసరమని తీసేసిన రెండు లైన్లూ సరిగ్గా దానికోసమే పెట్టినవి. పెళ్ళికూతురు కెమెరా కార్డులో భద్రంగా ఉంది కాబట్టి సరిపోయింది.

బ్రేకక్క కారులో ఉంది. పక్కన నేర్చుకునేవాడు రోడ్డు పక్కన బండి నిలపడం సాధన చేస్తున్నాడు. ఫోనులో అది చదివేసరికి ఆమె చెవులు కాలిపోయాయి. ఆ సమాజంలో దీనికి కట్టుబాటు ఒక్కటే. నీవల్ల ఏదైనా చెడితే, ముందు ఎలా ఉన్నదాన్ని అలా పెట్టు, వాదన తరువాత. పాఠం సగంలో ఆపి ఇంటికి వచ్చి, వెనక్కి పెట్టే మీట నొక్కింది. ఎందుకు పెట్టిందో ఒక్క ముక్కలో రాసి పంపింది. గుడ్లగూబ లైన్లు అక్షరం మారకుండా తిరిగి వచ్చి కూర్చున్నాయి. స్టూడియో ఆయనకి క్షమాపణ రాసింది. పోయిన పరువును చూసుకుందామని ఎవరు రాశారో చూపించే మీట నొక్కింది.

లైన్లు గుడ్లగూబవి. పక్కన పేరు తనది.

వెనక్కి పెట్టడం కూడా రాయడం కిందికే వస్తుంది ఆ లెక్కల్లో. ఎవరు మీట నొక్కితే వాళ్ళ పేరు పడుతుంది. అసలు రాసిందెవరో దాంతోపాటు పంపే చీటీలో ఒక మాట రాయడం మర్యాద. కంగారులో ఆమె రాయలేదు. ఇప్పుడు ఆ కిటికీ మొత్తంలో గుడ్లగూబ పేరున్నవి పది లైన్లే, అవీ అతనివి కావు. బ్రేకక్క పెట్టిన కేకకి, ఆ తరువాత నవ్విన నవ్వుకి కింద షెడ్డులో భర్త నోట్లోంచి మేకులు తుపాకీ గుళ్ళలా ఎగిరి గోడకి దిగబడ్డాయి. ఆ గోడకి ఇప్పుడు క్యాలెండరు తగిలించుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం గుడ్లగూబ అందరూ చదివే చోట రాశాడు. "చెత్తబుట్ట భాగం నేను రాసింది. పక్కన ఆవిడ పేరుంది. వెంటనే మార్చాలి."

బ్రేకక్క షెడ్డులోనే సగం కుట్టిన సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక పక్క భర్త, ఒక పక్క ఆడపడుచు. "మెత్తగా వదినా, మెత్తగా" అంటోంది ఆడపడుచు. "నరం దొరికేదాకా సూది గుచ్చకూడదు."

"బాగానే పనిచేస్తోంది కదండీ, పేరుతో ఏం పని?" అని రాసింది బ్రేకక్క.

గుడ్లగూబ రెచ్చిపోయాడు. "ఏం పనేమిటి? రాసినవాళ్ళ పేరు లైను పక్కన ఉండాలి. ఇక్కడ మనకి జీతమా, భత్యమా? దక్కేది ఆ పేరొక్కటే. దాన్నీ లాక్కుంటే అది దొంగతనం."

"ఇప్పుడు" అంది ఆడపడుచు.

"చాలా చక్కగా చెప్పారు. ఆ మాట అలాగే ఉంచండి, చెరపకండి" అని రాసి, ఏళ్ళ కిందట అతను తాళం వేసిన పేజీ చిరునామా కింద పెట్టింది. అన్ని తాళాలూ తీయగలిగింది తాతగారొక్కరే. ఆయన తీశాడు. ఆమె పంపిన పది లైన్లు, వాటికింద అతని జవాబు, అందరూ చదివారు.

తాతగారు అడిగాడు. "బాబూ, నీకు కారుందా?"

"లేదండి. దానికీ దీనికీ సంబంధం?"

"ఎప్పుడైనా నడిపావా?"

"రాదండి."

"మరి ఫైళ్ళ కిటికీలోకి క్లచ్ ఎక్కణ్ణించి వచ్చింది నాయనా?"

తెర మీద గుడ్లగూబ 'రాస్తున్నారు' అని కనపడింది. ఆగిపోయింది. మళ్ళీ కనపడింది. మళ్ళీ ఆగింది. భర్త కొత్త మేకులు నోట్లో పోసుకోవడం మానేసి గుప్పిట్లో పట్టుకుని చూస్తున్నాడు. చివరికి వచ్చింది. "ఆవిడవి."

"పూర్తిగా చెప్పమనండి తాతగారూ" అని రాసింది బ్రేకక్క.

"ఆ లైన్లు ఆవిడ రాసినవి. నేను నా పేరుతో పెట్టుకున్నాను. క్షమా..."

"క్షమాపణ నాకొద్దు. దాన్నెక్కడ పెట్టుకోను? పేరు పెట్టండి, చాలు."

జరిగిన చరిత్రను అక్కడ దిద్దడానికి లేదు. తీసి, మళ్ళీ పెట్టాలి. గుడ్లగూబ ఆ పది లైన్లూ తన చేతులతో తీసి, రాసినవారు ఫలానా అని ఆమె పేరు మీద మళ్ళీ పెట్టాడు. అందరి ముందూ. బ్రేకక్క ఒక్కొక్క లైనూ వేలుపెట్టి చదువుకుంది, కొత్త సోఫా కుట్లు లాగి చూసినట్టు.

"అయిపోయింది కదా, మరి వాడివి?" అన్నాడు భర్త.

"ఉంచేసుకో వదినా! ఇన్నేళ్ళకి వడ్డీ అనుకో" అంది ఆడపడుచు.

బ్రేకక్క ఉంచేసుకోవాలనే కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఆ చెత్తబుట్ట భాగాన్ని మళ్ళీ చదివింది. తను అనవసరం అనుకున్న రెండు లైన్లూ చదివింది. "ఇది నా పేరుతో ఉంటే నేను రాశాననుకుంటారు" అంది విసుగ్గా. "చూసిన ప్రతివాడూ ఎంత బాగా రాశావమ్మా అంటాడు. వాడి పని పొగిడించుకుంటూ బతకమంటారా నన్ను? ఛీ!" అంటూ తీసి, అతని పేరు మీద పెట్టేసింది. గుడ్లగూబ ధన్యవాదాలని రాశాడు.

ఆమె మనసు కరిగిందనుకునేరు. ఆ వెంటనే ఆమె తన పేజీలో ఒక చిన్న మార్పు చేసింది. తాము పంపే ప్యాచ్‌లు ఎవరు చదవాలో పంపేవాళ్ళు కోరుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు ఎవరైనా సరే, రెండోవారు మాత్రం ఎప్పటికీ గుడ్లగూబే అని పెట్టింది. కాపలాదారు కాదనడానికి లేదు, అది అతని బాధ్యత.

మర్నాడు పాఠాల మధ్య కారు నీడలో ఆపి, చిన్న ప్యాచ్ ఒకటి పంపింది. సీటు వెనక్కి వాల్చి, కాళ్ళు రెండో బ్రేకు మీద పెట్టుకుని ఎదురుచూసింది. నేర్చుకునేవాడు వచ్చి, "మేడమ్, బయలుదేరదామా?" అన్నాడు.

"ఉండవయ్యా" అంది ఆమె, ఫోను మీంచి కళ్ళు తిప్పకుండా. "ఒకాయన నాకు 'బాగుంది' అని చెప్పాలి. చెప్పాక పోదాం."